మైకేల్ పేలిన్ నటన వదిలి యాత్రికుడయ్యారా?

ప్రశ్న:
ఉత్తర కొరియా మీద మైకేల్ పేలిన్ 2018లో చేసిన కార్యక్రమం ఈ మధ్యే చూశాను. అంత నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడే ఆ పెద్దాయనే ఒకప్పుడు ‘మాంటీ పైథాన్’ అనే బ్రిటిష్ టీవీ హాస్య కార్యక్రమంలో చచ్చిన చిలుకను అంటగట్టిన దుకాణదారుడని తెలిసి ఆశ్చర్యపోయాను. హాస్యనటుడు యాత్రా కార్యక్రమాల వైపు ఎలా వచ్చారు? నటన మానేశారా? ఏది ముందు చూడాలి?

జవాబు 1:
మానేయలేదండీ. 1943లో షెఫీల్డ్‌లో పుట్టారు, ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర చదువుతూ టెర్రీ జోన్స్‌తో కలిసి హాస్య నాటికలు రాశారు. బీబీసీలో పైథాన్ 1969 అక్టోబరులో మొదలై 1974 దాకా 45 భాగాలు నడిచింది. యాత్రలతో పేరొచ్చాక కూడా 1991లో ‘జీబీహెచ్’ సీరియల్‌లో ఉపాధ్యాయుడిగా, 2017లో ‘ది డెత్ ఆఫ్ స్టాలిన్’ సినిమాలో సోవియట్ నాయకుడు మొలొటోవ్‌గా నటించారు. ఆ మొలొటోవ్‌ను మాత్రం వదలకండి.

జవాబు 2:
నాకు నత్తి ఉంది. ‘ఎ ఫిష్ కాల్డ్ వాండా’ మొదటిసారి చూసినప్పుడు సగంలోనే ఆపేశాను. 1988 నాటి ఆ సినిమాలో పేలిన్ వేసిన కెన్‌కు నత్తి. పక్కవాడు అతణ్ణి వెక్కిరిస్తూనే ఉంటాడు. నవ్వుకోవడానికి మేమే దొరికామా అని ఆ రోజంతా మండిపడ్డాను.

పేలిన్ తండ్రికి నత్తి ఉండేదని, ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తేవారు కాదని చాలా ఏళ్లకు తెలిసింది. మళ్లీ పెట్టుకుని చూశాను. మాట గొంతులో చిక్కుకున్నప్పుడు కెన్ మెడ బిగుసుకునే తీరు, ఎదుటివాడి ముఖం మీంచి చూపు తప్పించే తీరు నాకు బాగా తెలిసినవే. పక్కనే ఉండి ఏళ్ల తరబడి చూసినవాడు చేసిన నటన అది. ఆ పాత్రకు బ్రిటిష్ సినిమా పురస్కారాలైన బాఫ్టాలో ఉత్తమ సహాయ నటుడి అవార్డు వచ్చింది. 1993లో లండన్‌లో నత్తి ఉన్న పిల్లల కోసం తెరిచిన కేంద్రానికి ఆయన పేరే పెట్టారు. నాకు అవార్డు కన్నా అదే పెద్ద విషయం.

ఇక మీ ప్రశ్న. ఆయన ఒక వృత్తి వదిలి ఇంకొకటి పట్టుకున్నారని నేను అనుకోను. చిలుక నాటికలో దాన్ని కొన్నవాడిగా జాన్ క్లీజ్ గొంతు చించుకుంటుంటే పేలిన్ తొణక్కుండా చిలుక విశ్రాంతి తీసుకుంటోందంటారు. ఆ దుకాణదారుడికి మూలం పేలిన్ కారును బాగుచేసే మెకానిక్. ఏ లోపం చూపించినా ఒప్పుకునేవాడు కాదట. మనుషులను అంత శ్రద్ధగా చూడటం, ఎదుటివాడికి చోటివ్వడం ఆయనలో అప్పటికే ఉన్నాయి. తండ్రి మాట పూర్తయ్యేదాకా ఆగడం చిన్నప్పుడే అలవాటై ఉంటుందని నా ఊహ. మా మాట కోసం ఆగేవాళ్లను మేము ఇట్టే పోల్చుకుంటాం.

1988 సెప్టెంబరు 25న ఆయన ‘అరౌండ్ ది వరల్డ్ ఇన్ 80 డేస్’ అనే బీబీసీ యాత్రా సీరియల్ కోసం, జూల్ వెర్న్ నవలలో కథానాయకుడిలాగే లండన్ రిఫార్మ్ క్లబ్ నుంచి ఎనభై రోజుల భూప్రదక్షిణకు బయలుదేరారు. విమానం ఎక్కకూడదన్నది నియమం. దుబాయ్ నుంచి బొంబాయికి ధౌ అనే చెక్క ఓడలో వెళ్లారు. ఓడవాళ్లు గుజరాతీలు. వారం రోజులు డెక్ మీదే పడక, మధ్యలో జబ్బు. ఒంట్లో బాగాలేనప్పుడు కెమెరా ముందు ఎవరు నటించగలరు? అక్కడ వ్యాఖ్యాత వెనక్కి తగ్గి, ఓడవాళ్ల మధ్య ఒక మామూలు మనిషి మిగిలాడు. వాళ్లు ఆయన్ను చూసుకున్న తీరు చూస్తే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. ఇరవై ఏళ్ల తర్వాత వాళ్లను వెతుక్కుంటూ ఆయన గుజరాత్ వెళ్లారు. ఆ పని కోసమే ఆయనంటే నాకు అంత గౌరవం.

ప్రశ్న అడిగినవారు:
చాలా కృతజ్ఞతలు. ‘వాండా’ గురించి ఇలా ఆలోచించలేదు. అయితే నేరుగా ఆ ఓడ భాగంతోనే మొదలుపెట్టనా?

జవాబు 2:
వద్దండీ, మొదటి భాగం నుంచే చూడండి. వెనిస్‌లో చెత్త ఎత్తే పడవ మీద పనిచేసేటప్పుడు ఆయనలో ఇంకా హాస్యనటుడే కనిపిస్తాడు, ప్రతి మాటకూ ఒక చమత్కారం వేస్తుంటారు. అది చూశాకే ఓడ ఎక్కండి.