అప్‌డేట్: చదవడానికి ఇష్టపడని పిల్లలు, పఠన బృందాలు

పుస్తకమంటేనే ముఖం తిప్పుకునే నా తరగతి పిల్లలను పఠన బృందాలతో (ఒకే పుస్తకాన్ని కలిసి చదివి, దాని గురించి మాట్లాడుకునే చిన్న బృందాలు) చదివించవచ్చా అని ఇంతకుముందు అడిగాను. మీరు సూచించినట్లు నలుగురైదుగురు చొప్పున బృందాలుగా చేసి, ఒక్కొక్క పుస్తకం గురించి రెండు నిమిషాలు చెప్పి, మొదటి పేజీలు తిరగేయనిచ్చి, ఎంపిక వారికే వదిలేశాను. ప్రశ్నలు అడిగేవారు, సారాంశం చెప్పేవారు అంటూ పంచిన బాధ్యతలు మాత్రం రెండు వారాలకే మొక్కుబడిగా మారాయి. పిల్లలు కాగితం నింపి ఊరుకునేవారు. వాటిని తీసివేసి, చదువుతూ ఆగిన చోట చీటీ అంటించి, ఎందుకు ఆగారో బృందానికి చెప్పమన్న తరువాతే నిజంగా మాటలు మొదలయ్యాయి. ఇంట్లో చదవకుండా వచ్చినవారు సిగ్గుతో మౌనంగా ఉండిపోతున్నారని గమనించి, తరగతిలోనే 20 నిమిషాలు చదువుకు కేటాయించాను. నిదానంగా చదివే ఇద్దరికి ఆడియో పుస్తకం కూడా ఇచ్చాను (అది దొడ్డిదారి అని ఒకప్పుడు నేనే అనుకునేదాన్ని). ఒక బృందం ఇంకా కుదురుకోలేదు. వారిని పుస్తకం మార్చుకోమన్నాను.