పీతల్లో శరీర పరిమాణం, జీవక్రియ, గుడ్ల బరువు: లెక్కను ఎలా సరిపెట్టాలి?

క్రస్టేషియన్ల (పీతలు, రొయ్యల వంటి పెంకు జీవుల) జీవక్రియ గురించి ఒక పత్రం రాస్తూ ఒక చోట ఆగిపోయాను. ఈ విషయం తెలిసినవారు దయచేసి సాయం చేయగలరు.

1932లో శాస్త్రవేత్త మాక్స్ క్లైబర్ క్షీరదాల్లోనూ పక్షుల్లోనూ చూపినట్టే, పీతల్లో కూడా బరువు పెరిగేకొద్దీ మొత్తం ఆక్సిజన్ వినియోగం పెరుగుతుంది గానీ, గ్రాముకు లెక్కిస్తే తగ్గుతుంది. ఆక్సిజన్ వినియోగం బరువు యొక్క 0.75 ఘాతానికి అనుపాతంలో ఉంటుందనుకుంటే, 16 రెట్లు బరువున్న పీత 8 రెట్లు ఆక్సిజన్ మాత్రమే ఖర్చు చేస్తుంది. కానీ చాలా పీత జాతుల్లో ఆడపీత ఒక విడతలో మోసే గుడ్ల బరువు దేహం బరువుకు దాదాపు సమానుపాతంలో, సుమారు 10 శాతం ఉంటుంది. అంటే గుడ్లకు హద్దు పెట్టేది శక్తి కాక, అండాశయం పెరగడానికి పెంకు లోపల ఉన్న చోటేనా? అలాగైతే, గ్రాముకు జీవక్రియ తక్కువ కాబట్టి గుడ్లు తయారవడానికి ఎక్కువ కాలం పట్టి, పెద్ద పీతకు విడతకూ విడతకూ మధ్య వ్యవధి పెరగాలని నా ఊహ, ఇది సరైనదేనా?

మరో చిక్కు కొలతది. గుడ్లు మోస్తున్న ఆడపీత ఆక్సిజన్ వినియోగాన్ని కొలిచినప్పుడు అందులో పిండాల శ్వాస కూడా కలుస్తుంది కనుక, గుడ్లను వేరుచేసి విడిగా కొలిచి తీసివేయడం సరిపోతుందా, లేక గుడ్లకు గాలి అందేలా తల్లి పడే శ్రమను కూడా లెక్కలోకి తీసుకోవాలా? (పీనియస్ రొయ్యలు గుడ్లను నేరుగా నీటిలో వదిలేస్తాయి కాబట్టి వాటితో ఈ బాధ లేదు.)