చుట్టుకునే స్క్రీన్ కోసం ఆగాలా, మడత ఫోన్ కొనాలా?

పుట్టపాక పడుగు:
మాది చిటికి పని, అంటే నూలును గుర్తుల కాడ కట్టి రంగులద్ది నేసుడు. డిజైన్లు నేను కంప్యూటర్ల గీస్త. నాయన నూలు మీద గుర్తులు పెట్టేటప్పుడు గ్రాఫు ఫోన్లనే చూస్తడు. ఆ చిన్న స్క్రీన్ల గడులు లెక్కపెట్టలేక కండ్లు గుంజుతున్నయంటున్నడు. ట్యాబ్ పెడ్దామంటే కింద జాగ లేదు. బట్ట లెక్క చుట్టి, కావాలంటే గుంజుకునే స్క్రీన్ వస్తదంటే మూడేండ్ల సంది ఆగిన. ఇంకా ఆగాలా?

మిర్యాలగూడ మిల్లు:
నేను మడత ఫోన్ వాడిన. రైసుమిల్లుల పని, ఊక దుమ్ము తెలుసు గద. పది నెలలకు మడత కాడ పై పొర లేచింది. గార్డు అనుకొని గోటితోని పీకిన. స్క్రీన్ నల్లగైంది. కొత్త స్క్రీన్ రేటు విన్నంక మళ్ల మామూలు ఫోనే పట్టుకున్న.

పాలమూరు రిపేరు:
అన్నా, అది గార్డు కాదు, స్క్రీన్ల భాగమే. 2019ల సామ్‌సంగ్ మొదటి ఫోల్డ్‌ను పరీక్షకు తీసుకున్న విలేకరులు గూడ గట్లనే పీకిండ్రు. విడుదల ఏప్రిల్ నుంచి సెప్టెంబర్‌కు జరిగింది.
ఈ ఫోన్లల్ల ఉండేది ఓలెడ్ రకం స్క్రీన్, దాంట్ల ప్రతి చుక్క తనే వెలుగుతది, ఎనక లైటు పొర అక్కర్లేదు. గాజు బదులు పాలీఇమైడ్ ప్లాస్టిక్ మీద పేరిస్తే వంగుతది. చుట్టే స్క్రీన్‌కు వంపు పెద్దగుంటది, మడత గీత అంతగ పడది. కానీ మోటరు గావాలె, స్క్రీన్ జారే సందు గావాలె. దుమ్ము దూరేది ఆడనే. మడత ఫోన్ కొంటే దుమ్ముకు, నీళ్లకు ఎంత ఆగుతదో చెప్పే ఐపీ రేటింగుల మొదటి అంకె చూడు, అది దుమ్ముది. పిక్సెల్ 10 ప్రో ఫోల్డ్‌కు ఐపీ68 ఉన్నది, గెలాక్సీ ఫోల్డ్6కు ఐపీ48. మిల్లుల, మగ్గాల కాడ మొదటి అంకె 6 లేనిది కొనొద్దు.

గద్వాల చదువరి:
ఎల్‌జీ 2021 జనవరిలో చుట్టే ఫోన్ చూపించింది, ఏప్రిల్‌లో ఫోన్ల వ్యాపారమే వదిలేస్తున్నమన్నది. ఒప్పో చూపించినది 6.7 అంగుళాల నుంచి 7.4కు సాగేది, అదీ అంగట్లకు రాలే. 2025లో లెనోవో ల్యాప్‌టాప్ ప్రకటించింది, 14 అంగుళాల తెర పైకి లేసి 16.7 అయితది. చెప్పిన ధర 3,499 డాలర్లు. చిటికి కట్టే కాడ పెట్టే వస్తువు కాదిది.

పాలమూరు రిపేరు:
పాత 10 అంగుళాల ట్యాబ్ ఉంటే పై దూలానికి కట్టి, నాయన కండ్ల ఎత్తుకు ఏలాడదియ్యి. కింద జాగ అడగది.

పుట్టపాక పడుగు:
నిన్న కట్టిన అన్నా. రెండు వేళ్లతోని పెద్దగ చేసుకొని చూస్తున్నడు, గడులు తప్పుతలేవు. అయినా నా ఆశ పోలేదు. నూనెల నానబెట్టిన నూలుతోని నేసే తేలియా రుమాలు డిజైన్ మొత్తం గిరాకీల ముంగట ఒక్కసారి పరిచి చూపియ్యాలని ఉన్నది. దుమ్ముకు ఆగే చుట్టే స్క్రీన్ ఎవరైనా వాడితే ఈడనే రాయండ్రి.