మియాపూర్ ఫ్రెండ్ ఇంట్లో దిగి 2 రోజుల్లో హైదరాబాద్: కారా, మెట్రోనా?

గోదారి_గట్టు: రాజమండ్రి నుంచి నలుగురం వస్తున్నాం. శుక్రవారం పొద్దున గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో దిగి, శనివారం రాత్రి మళ్లీ అదే బండికి తిరుగు ప్రయాణం. ఫ్రెండ్ ఇల్లు మియాపూర్ మెట్రో పక్కనే. లీవు పెట్టి కారులో తిప్పమన్నాం. శుక్రవారం చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్. శనివారం గోల్కొండ, టాంక్‌బండ్. అమ్మకి 64, మోకాళ్ల నొప్పులు. మార్పులేమైనా ఉంటే చెప్పండి.

పాతబస్తీ_పోరడు: శుక్రవారం సాలార్‌జంగ్ బంద్. చౌమహల్లా గూడ బంద్. మక్కా మసీదుల జుమ్మా నమాజు ఉంటది, మధ్యాహ్నం చార్మినార్ కాడ కాలు పెట్ట జాగ దొరకది. రోజులు తారుమారు చేయున్రి: గోల్కొండ శుక్రవారం, పాతబస్తీ శనివారం. శనివారం కారు తేకున్రి. చార్మినార్ చుట్టు బండ్లు రానియ్యరు. యాడనో పార్క్ చేసి మళ్ల ఆటో ఎక్కుడే. మియాపూర్ల రెడ్ లైన్ ఎక్కితే ఎంజీబీఎస్ (పెద్ద బస్టాండ్) దాంక సీదా, మధ్యల మారే పని లేదు.

చందానగర్_అన్న: మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడని మెట్రో అంటారా? గోల్కొండకి మెట్రోయే లేదు. రాయదుర్గంలో దిగినా ఆటో తప్పదు. మియాపూర్ నుంచి కొండాపూర్, గచ్చిబౌలి మీదుగా కారే సుఖం. ఒక్కటే జాగ్రత్త: షేక్‌పేట ఫ్లైఓవర్ ఎక్కారంటే సెవెన్ టూంబ్స్ మలుపు మీ కింద నుంచి వెళ్లిపోతుంది. మళ్లీ యూటర్న్ కొట్టుకుని రావాలి. కింది రోడ్డే పట్టుకుని, కుతుబ్‌షాహీ సమాధుల (అవే సెవెన్ టూంబ్స్) ముందు నుంచి కోట బంజారా దర్వాజాలోకి దూరండి. ఆ దర్వాజా ఇరుకు. ఎదురుగా బస్సొచ్చిందంటే ఎవరో ఒకరు వెనక్కి తీయాల్సిందే. అందుకే కోట తెరిచే టైముకే అక్కడుండాలి.

అంకెల_అప్పన్న: ఎంజీబీఎస్ నుంచి చార్మినార్ 2 కిలోమీటర్ల దూరం. అది ఎవరూ చెప్పరేం?

పాతబస్తీ_పోరడు: నడువుమని ఎవరన్నరు? స్టేషన్ల లిఫ్ట్ ఉంది, బయట ఆటో ఉంది. ముందుగాల సాలార్‌జంగ్ పోవాలె, అది తొవ్వలనే. పదికి తెరుస్తరు. పదకొండు ముప్పావుకల్లా సంగీత గడియారం ముంగట బెంచీ పట్టుకోవాలె. గంట గంటకు గడ్డపు బొమ్మ బయటికొచ్చి గంట కొడ్తది. పన్నెండుకైతే పన్నెండు దెబ్బలు, అందుకే జనమంత అప్పుడే. లేటుగ పోతే మందిల తలకాయలే కనవడ్తయి. తర్వాత చౌమహల్లా, ఐదుకి మూసేస్తరు. లాడ్ బజార్ల గాజులు ఇవన్ని అయినంక సూడున్రి, ముందు కొంటే సంచులు మోసుడే.

వంటింటి_కబుర్లు: చార్మినార్ పైకి అమ్మగారిని ఎక్కించకండి. మెట్లు ఇరుకు, మెలికలు తిరుగుతాయి, ఒక్కో మెట్టు ఎత్తు. కింద ఇరానీ చాయ్ తాగించండి చాలు.

చందానగర్_అన్న: గోల్కొండలోనూ అంతే. పైన బారాదరి మంటపం దాకా 360 మెట్ల పైచిలుకు, నీడ తక్కువ. రాణీమహల్, ఆయుధాగారం, నగీనాబాగ్ కిందే ఉన్నాయి. ఆవిడ అవి చూస్తే చాలు. మిగతావాళ్లు రామదాసు చెర వైపు నుంచి ఎక్కితే నయం. ఒకరు ద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొట్టాలి, ఇంకొకరు పైన వినాలి. అందరూ కలిసే ఎక్కేస్తే ఆ ముచ్చటే లేదు.

అంకెల_అప్పన్న: 2 కిలోమీటర్లకి ఆటోవాడు మీటరు వేస్తాడా? మెట్రో మిగిల్చింది ఆటో మింగేస్తుంది.

పాతబస్తీ_పోరడు: అన్నా, నీకు రెండు కిలోమీటర్లు తప్ప ఇంకోటి కనవడ్తలేదా!

చందానగర్_అన్న: ఆయనన్నదీ నిజమే కదా. ఇంటి ముందు కారు పెట్టుకుని ఆటో బేరాలెందుకు? హైదరాబాదులో ఉంటున్నవాళ్లకి చుట్టాన్ని తిప్పడం కూడా బరువైపోయిందా?

కూకట్‌పల్లి_కోడలు: ఇప్పుడు బయటపడింది అసలు సంగతి. మొదటి పోస్టు మళ్లీ చదవండి: "లీవు పెట్టి కారులో తిప్పమన్నాం". వస్తామని అడగలేదు, తిప్పమని చెప్పారు. ఊళ్లో ఫ్రెండ్ ఉన్నాడంటే ఊరికే దొరికే డ్రైవరా? నలుగురు దిగితే రెండు రోజుల టిఫిన్లు, వేణ్ణీళ్లు, పక్కలు ఎవరి మీద పడతాయి? మెట్రోనా కారా అని ఇంతసేపు కొట్టుకున్నారు, ఆ ఇంట్లో ఆవిడకి శనివారం సెలవో కాదో ఒక్కరైనా అడిగారా?

చందానగర్_అన్న: లెక్కలు చూసుకునేదాన్ని స్నేహం అనరమ్మా. మా వైపు ఇంటికొచ్చినవాళ్లని లాడ్జికి పంపితే తలవంపులు.

కూకట్‌పల్లి_కోడలు: లాడ్జికి పంపమని నేనెక్కడన్నాను? ఇంట్లోనే ఉండండి. గోల్కొండకి అతను రానక్కర్లేదు, క్యాబ్ మాట్లాడుకోండి. శుక్రవారం అతను ఆఫీసుకెళ్లి సాయంత్రం వస్తే అందరూ కలిసి భోంచేయొచ్చు. దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు సికింద్రాబాద్ పెట్టుకోకండి. గౌతమి లింగంపల్లి దాకా వస్తుంది, అక్కడి నుంచే బయల్దేరుతుంది. మియాపూర్‌కి అదే దగ్గర. పొద్దున్నే స్టేషన్‌కి కారు తెమ్మనే పని కూడా ఉండదు.

పాతబస్తీ_పోరడు: అక్క చెప్పింది కరెక్ట్. టాంక్‌బండ్ శుక్రవారం సాయంత్రం పెట్టుకోండ్రి, దోస్తు గూడ కలుస్తడు. శనివారం ఐదున్నరకల్లా ఎంజీబీఎస్‌ల మెట్రో ఎక్కాలె, సామాన్లు ఇంటికాడ తీస్కొని లింగంపల్లి పోవాలె గద.

గోదారి_గట్టు: ఇప్పుడే వాడికి ఫోన్ చేశాను. లీవు పెట్టేశాడట. "కారు సర్వీసింగ్‌కి ఇచ్చాను, ఎలా చెప్పాలా అని చూస్తున్నా" అన్నాడు. గోల్కొండకి క్యాబే. లింగంపల్లి సంగతి నాకు తెలీదు, టికెట్ సికింద్రాబాద్ దాకే తీశాను. పొడిగించుకోవడం కుదురుతుందా?

కూకట్‌పల్లి_కోడలు: రైలెక్కాక టీటీఈని అడగండి, తేడా డబ్బు కట్టించుకుని రాసిస్తారు. తిరుగు టికెట్‌కి మాత్రం ఇప్పుడే బోర్డింగ్ లింగంపల్లి నుంచి ఉందో లేదో చూసుకోండి.

అంకెల_అప్పన్న: లింగంపల్లి స్టేషన్ నుంచి మియాపూర్ ఎన్ని కిలోమీటర్లు?