అప్‌డేట్: ఋతువుల వారీ కుటుంబ స్క్రాప్‌బుక్‌లో పేజీల వంకర తగ్గింది

పిల్లల బొమ్మలు, ఫొటోలు, ఎండిన ఆకులు కలిపి ఋతువుల వారీగా కూర్చుతున్న స్క్రాప్‌బుక్‌లో పేజీలు వంకర పోతున్నాయని, ఏం చేయాలని లోగడ అడిగాను. ఓపికగా సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

మీరు చెప్పినట్లే కారణం నీటి శాతం ఎక్కువగా ఉన్న జిగురు. కాగితపు నారలు తేమను పీల్చుకున్నప్పుడు పొడవుకన్నా అడ్డంగా ఎక్కువ ఉబ్బుతాయి కాబట్టి, ఒకవైపే జిగురు పూసిన పేజీ వంగిపోతుంది. ఇప్పుడు బొమ్మలకు రెండు వైపులా అంటుకునే టేపు, ఫొటోలకు మూలల్లో కాగితపు తొడుగులు వాడుతున్నాను. ఫొటో వెనుక జిగురే తగలదు గనుక ఎప్పుడు కావాలన్నా బయటికి తీయవచ్చు, నాకు అన్నిటికన్నా నచ్చిన సలహా ఇదే. 12 అంగుళాల పేజీలకు ఆమ్లం, లిగ్నిన్ (చెక్కలో ఉండే, కాగితాన్ని కాలక్రమేణా పసుపుపచ్చగా మార్చే పదార్థం) లేని మందపాటి కాగితం తీసుకున్నాను. ఆకులను పూర్తిగా ఆరేదాకా బరువు కింద ఉంచి, ఫొటోలకు ఆనకుండా విడి కవర్లలో పెట్టాను. థర్మల్ కాగితం (వేడితో అక్షరాలు పడే కాగితం) టికెట్లపై అక్షరాలు వెలిసిపోతాయి కనుక వాటికి నకళ్లు తీయించాను.

మందపు వస్తువుల వల్ల ఆల్బమ్ అంచువైపు ఇంకా ఉబ్బుతోంది. అందుకు, కుట్టు వైపు మందం కూడా దానికి సమానమయ్యేలా, వెన్ను దగ్గర ప్రతి పేజీకీ సన్నని అట్ట పట్టీ అతికిస్తున్నాను. వర్షాకాలపు పేజీల వరకు పూర్తయింది.