పాలిఫొనీకి ‘బహుస్వరం’ సరిపోతుందా?

యూరపు సంగీతంలో రినైసాన్స్, దాని తర్వాతి బరోక్ కాలాల మీద చిన్న వ్యాసం రాస్తున్నాను. పాలిఫొనీకి ‘బహుస్వర సంగీతం’ అని పెట్టాను. సరిపోతుందంటారా?

— నాకైతే నప్పలేదండీ. స్వరమనగానే మనకి సరిగమలే గుర్తొస్తాయి. బహుస్వరం అంటే హార్మోనియం మీద మూడు మెట్లు ఒకేసారి నొక్కినట్టుంటుంది. పాలిఫొనీలో ఉన్నవి పలు గొంతులు, ఒక్కో గొంతుదీ ఒక్కో నడక. 16వ శతాబ్దపు ఇటలీ స్వరకర్త పాలెస్త్రీనా మాస్‌లు (చర్చి ప్రార్థనకు కట్టిన పాటలు) వినండి. ఒక గొంతు ఎత్తుకున్న వరుసను కాసేపటికి ఇంకో గొంతు అందుకుంటుంది. మొదటిదేమో ఆగదు, తన దారిన తను పోతూనే ఉంటుంది. ‘పలుగొంతుల పాట’ అంటే ఎలా ఉంటుంది?

— ఒకరు ఎత్తుకుంటే ఇంకొకరు అందుకోవడం మన బుర్రకథలో ఉన్నదే కదా? ‘వంతపాట’ అంటే పోలా?

— పోదండీ. అక్కడ కథకుడే పెద్ద, వంతలు అతనికి తోడు. తానా అంటే తందానా అనేవాళ్ళని వంత పాడుతున్నారనేది అందుకే. పాలెస్త్రీనా దగ్గర అందరూ సమానమే. పెద్ద గొంతు, తోడు అనే తేడా బరోక్ మొదట్లో బాగా బలపడింది. నలుగురు నాలుగు వేళల్లో ఒకే మాట పాడితే సాహిత్యం ఎవరికి అర్థమవుతుందని 1600 ముందు నుంచే ఫ్లోరెన్స్‌లో కొందరు గొడవపెట్టారు. దాంతో పైన ఒక్క గొంతు, కింద బాస్ అనే మంద్ర వరుస, మధ్యలో హార్ప్సికార్డో ల్యూటో లాంటి తీగవాద్యం మిగిలాయి. 1607 నాటి మోంటెవెర్దీ సంగీత నాటకం ‘ఒర్ఫెయో’లో ఇది బాగా తెలుస్తుంది. ఆ బాస్ ఆగకుండా సాగుతుంది కనక బాసో కంటిన్యువో అన్నారు. దీన్ని మాత్రం ‘శ్రుతి’ అని రాయకండి. తంబురా ఉన్నచోటే ఉంటుంది, ఇది నడుస్తుంది. బాస్ స్వరాల దగ్గర వేసిన అంకెలు చూసి, పైన ఏం వాయించాలో వాద్యకారుడే అప్పటికప్పుడు చూసుకోవాలి. అలాగని పలు గొంతులు పోలేదు. ఒకే వరుసను గొంతులు ఒకదాని వెంట ఒకటి ఎత్తుకునే ఫ్యూగ్‌లని జర్మన్ స్వరకర్త బాఖ్ రాశాడు, అవన్నీ పలు గొంతులేగా.

— బరోక్‌కి తెలుగు?

— అలాగే ఉంచేయండి. వంకర ముత్యాన్ని చెప్పే పోర్చుగీసు మాట నుంచి వచ్చిందని ఎక్కువమంది అంటారు. 1768లో ఫ్రెంచి రచయిత రూసో తన సంగీత నిఘంటువులో కూడా దాన్ని మెచ్చుకోలుగా వాడలేదు. ‘వంకర ముత్యపు సంగీతం’ అని రాస్తే బాఖ్ అభిమానులు ఊరుకోరు.

— సరే, పలుగొంతులే పెడతాను. కానీ బాఖ్ ఫ్యూగ్‌ని ఆర్గన్ మీద వాయిస్తే గొంతులెక్కడివండీ? ‘పలువరుసల సంగీతం’ అంటే?

— పలువరుస అంటే పళ్ళండీ బాబూ!