కాంగ్లోమరేటా, బ్రెచియానా? ఒకే రాయిలో గుండ్రటివీ కోణాలవీ రెండూ ఉంటే ఏమని రాయాలి

సీమ_స్టూడెంట్:
అందరికీ నమస్తే. డిగ్రీ జియాలజీ చదువుతున్నా, బనగానపల్లె వైపు ఫీల్డ్‌కి తీసుకెళ్తే అక్కడో శాంపిల్ తెచ్చుకున్నా. అందులో తెల్ల పలుగురాళ్లు బాగా నున్నగా గుండ్రంగా ఉన్నాయి కానీ వాటి పక్కనే ఎర్ర జాస్పర్ (గట్టి సిలికా రాయి) ముక్కలు కొన్ని అంచులు అరగకుండా కోణాలుగానే ఉన్నాయి. పుస్తకంలో ఏమో 2 మి.మీ. కన్నా పెద్ద ముక్కలు గుండ్రంగా ఉంటే కాంగ్లోమరేట్, కోణాలుంటే బ్రెచియా అని ఒక్క లైన్లో తేల్చేశారు, మరి ఇలా కలిసుంటే రికార్డులో ఏం రాయాలి?

గులకరాయి:
మంచి శాంపిల్ దొరికింది తమ్ముడూ, పడేయకు. ఆ రెండు పేర్లకీ మధ్య గోడేం లేదు, ముక్క ఎంత దూరం దొర్లింది అన్నదే తేడా. కొండ కింద రాలిన రాళ్లు అక్కడికక్కడే గట్టిపడితే బ్రెచియా, అవే ఏట్లో పడి ఒకదానికొకటి కొట్టుకుంటూ అంచులు అరిగి తర్వాత గట్టిపడితే కాంగ్లోమరేట్. మేస్త్రీల భాషలో చెప్పాలంటే ఏటి గులకరాళ్లేసి పోసిన కాంక్రీటుకీ క్రషర్ కంకరేసి పోసిన కాంక్రీటుకీ ఉన్న తేడా అన్నమాట.
కానీ అన్ని రాళ్లూ ఒకేలా అరగవు. సున్నపురాయి కొద్ది కిలోమీటర్లు దొర్లితే చాలు గుండ్రమైపోతుంది, పలుగురాయికి చాలా ఎక్కువ దూరం కావాలి. నీ శాంపిల్లో జాస్పర్ కూడా పలుగురాయంత గట్టిదే, అయినా కోణాలున్నాయంటే అది దగ్గర్నుంచే వచ్చుంటుంది. పలుగురాళ్లు మాత్రం దూరం నుంచి వచ్చుండాలి, లేదా అంతకుముందే ఇంకో పాత కాంగ్లోమరేట్‌లో గుండ్రమై ఉండి అది విరిగి మళ్లీ ఇందులోకి చేరుండాలి. అక్కడ కర్నూలు గ్రూప్ (నీ శాంపిల్ వచ్చిన శిలల వరస) కింద ఉన్నవి దానికన్నా పాత కడప శిలలే, వాటిల్లో చెర్ట్, జాస్పర్ లాంటివి ఉన్నాయి కాబట్టి దగ్గర్నుంచి రావడంలో వింతేం లేదు. పేరు కన్నా ఈ కథ రాస్తేనే నాకు ఎక్కువ నచ్చుతుంది.

ఫీల్డ్_సుత్తి:
పైన చెప్పింది కరెక్టే, ఒక్క జాగ్రత్త కలుపుతా. కోణాల ముక్కలు కనబడగానే అవక్షేప శిల అనుకోవద్దు. ఫాల్ట్ (రాళ్లు విరిగి పక్కకి జరిగిన పగులు) వెంట రాయి నలిగినా బ్రెచియా వస్తుంది, అందులో ముక్కలన్నీ దాదాపు పక్కనున్న రాయివే ఉంటాయి, కొన్నిచోట్ల పక్కపక్క ముక్కల అంచులు కలిపి చూస్తే సరిగ్గా అతుకుతాయి, మధ్యలో నలిగిన పొడి గానీ, తర్వాత పగుళ్లలో పట్టిన పలుగురాయి సిరలు గానీ ఉంటాయి. మహారాష్ట్ర లోనార్ దగ్గర ఉల్క పడి బసాల్ట్ నుజ్జయి ఏర్పడ్డ బ్రెచియా ఉంది, దానికీ ఏటికీ సంబంధమే లేదు. అందుకే చేతిలో రాయి ఒక్కటే చూసి తేల్చడం నాకు ఇష్టం ఉండదు, అది పొరగా పరుచుకుని ఉందా, పైనా కిందా ఏముంది అన్నది నోట్‌బుక్‌లో ఉండాలి.
గుండ్రంగా లేనివన్నీ దగ్గరవీ కావు. గోదావరి లోయలో బొగ్గు పొరల కన్నా కిందుండే తాల్చిర్ బౌల్డర్ బెడ్ (బండరాళ్ల పొర) చూడండి, సన్నటి బురదలో చిన్నారాళ్లూ బండలూ కలిసిపోయి ఉంటాయి, వాటిని మోసింది హిమానీనదం. మంచు ఎంత దూరం మోసినా ఏరులాగా అరగదీయదు, సైజు ప్రకారం వేరూ చెయ్యదు.

బనగానపల్లె_వాసి:
మా ఊరి రాయి గురించి మాట్లాడుతుంటే ఊరుకోలేకపోతున్నా. పాతకాలంలో వజ్రాల కోసం తవ్వింది ఈ కాంగ్లోమరేట్ పొరనే, మునిమడుగు వైపు కూడా పాత గుంతలు ఉన్నాయి. వజ్రం ఈ రాయిలో పుట్టలేదు, నీళ్లు మోసుకొచ్చి ఇక్కడ వదిలేశాయి. వజ్రం సాంద్రత 3.5, పలుగురాయిది 2.65, అందుకే ప్రవాహం నెమ్మదించిన చోట ఇసుకతో కొట్టుకుపోకుండా గులకరాళ్లతో పాటు అడుగున ఆగిపోతుంది. వజ్రకరూరు దగ్గర మాత్రం సంగతి వేరు, అక్కడ కింబర్లైట్ పైపులు, అంటే భూమి లోపల్నుంచి పేలుకుంటూ పైకొచ్చిన రాయి, దార్లో విరిగిన ముక్కలు అందులో ఇరుక్కుని చూడ్డానికి బ్రెచియాలాగే ఉంటుంది కానీ అవక్షేప శిల కాదు.

సీమ_స్టూడెంట్:
చాలా థ్యాంక్స్ అన్నా అందరికీ. ఫైనల్‌గా రికార్డులో ఏ పేరు రాయను?

గులకరాయి:
గుండ్రటివే ఎక్కువుంటే కాంగ్లోమరేట్ అనే పేరే పెట్టు. రెండు మూడు రకాల రాళ్ల ముక్కలున్నాయి కాబట్టి ముందు పాలీమిక్ట్ అని చేర్చు. పలుగురాళ్లు రౌండెడ్, జాస్పర్ యాంగ్యులర్ (కోణాలవి) నుంచి సబ్‌యాంగ్యులర్ (అంచులు కొంచెమే అరిగినవి) అని విడివిడిగా రాయి, రెండూ కలిపేసి ఓ మోస్తరు గుండ్రం అని రాశావంటే అసలు విషయమే పోతుంది. ముక్కలు ఒకదానికొకటి తగులుతున్నాయా, లేక మధ్యలో ఇసుకలో తేలుతున్నట్టు ఉన్నాయా లెన్స్‌తో చూడు, ముక్కల్ని అతికించిన సిమెంట్ (మధ్యలో పేరుకున్న ఖనిజం) మీద డైల్యూట్ యాసిడ్ చుక్క వేసి నురగ వస్తుందో లేదో అదీ రాయి. పెద్ద ముక్క పొడవు స్కేలుతో కొలిచి పెట్టుకో, వైవాలో అడుగుతారు.